మేకు ఒక్కటే

నాలుగున్నరకే బయటికొస్తానన్నావు.
ఐదు దాటింది.
ఓష్ బజారు షట్టర్లు ఇంకా లేవలేదు,
తందూరు వాళ్లు మాత్రం లేచారు.
నీ గుమ్మం ముందు ఉరల్ బండి మీద కూచుని
కిక్ కొడుతున్నాను, ఆపుతున్నాను,
మళ్లీ కొడుతున్నాను.
నాకంటే ఆరేళ్లు పెద్దది ఈ బండి.
పొద్దున్నే దగ్గుతుంది, చుట్ట మానలేని మామలా.

తలుపు తీసుకుని నువ్వొచ్చిన తీరు చూసి
నవ్వాగలేదు ఇల్హోమ్!
చంకలో దుప్పటి, మెడకి వేలాడే టీ కెటిల్,
రెండు చేతులా స్పేర్ టైరు,
పెళ్లివారికి పళ్లెం అందిస్తున్నట్టు.
"సమోవర్ మర్చిపోయావు" అన్నాను.
"సైడ్‌కార్లో పట్టదు. కొలిచి చూశా" అన్నావు.
నిజంగానే కొలిచుంటావు. దర్జీవాడివి.

పటం మాత్రం పాతదే,
స్కూలు అట్లాసులోంచి బ్లేడుతో కోసుకొచ్చిన పేజీ.
ముర్గాబ్ దాకా ఎర్ర పెన్సిలు గీత నాది,
అటునుంచి ఖోరోగ్ దాకా నీలం గీత నీది.
మధ్యలో టీ మరక ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

ఇరవయ్యో ఏట, ఆ ఎండాకాలమే వెళ్లాల్సింది.
ఆ జూన్‌లోనే మన వీధి
ఎవరో గుడ్డ చింపినట్టు నిలువునా చిరిగింది.
మీ వైపు పొగ. మా వైపు పొగ.
నువ్వు మా ఇంటికి రాలేదు.
నేను రమ్మనలేదు.
రెండిట్లో ఏది ముందో
పదిహేనేళ్లు లెక్కేస్తూనే ఉన్నాను.

పోయిన చలికాలం
చిరిగిన జాకెట్టొకటి పట్టుకుని నీ కొట్టుకొచ్చాను.
(చిరగలేదు. నేనే చింపాను.)
అతుకు కనపడకుండా కుట్టి, డబ్బు వెనక్కి తోసి,
తల ఎత్తకుండా అడిగావు:
"బండి ఇంకా నడుస్తుందా, తోక్తోసున్?"
అంతే.

మఫ్తునా రొట్టె తెచ్చింది,
నడిమధ్య పువ్వు అచ్చేసింది, చేతులు కాలేంత వేడిది.
ప్రయాణమయ్యేవాడు ఒక్క ముక్క కొరికి ఇచ్చేయాలి;
మిగిలింది గోడకి వేలాడుతుంది,
మనిషి తిరిగొచ్చి తినేదాకా.
నువ్వు కొరికావు.
నీ కాటు మధ్యలో బుల్లి దిబ్బ మిగిలింది,
తొమ్మిదేళ్లప్పుడు నా సైకిలు మీంచి పడి పోగొట్టుకున్న పన్నంత.
ఆవిడ రొట్టె నా వైపు తిప్పింది.
"నేనీ ఇంటివాణ్ని కాదు కదమ్మా."
"వెళ్లేది ఇద్దరు. నా గోడకి మేకు ఒక్కటే ఉంది" అంది,
విసుగ్గా, పిల్లల లంచ్ డబ్బాలు సర్దుతూ.
కొరికాను. నాలుక కాలింది.
కళ్లలో నీళ్లు ఆ వేడికే అనుకోనిచ్చారు ఇద్దరూ.

గుల్చా దాటాక ఎండ వచ్చింది.
నది ఒక మలుపులో కుడివైపు,
మరో మలుపులో ఎడమవైపు,
ఎటు కూర్చోవాలో తెలియని చుట్టంలా.
అప్పుడు,
ఇన్నేళ్లుగా దాచుకున్న మాటొకటి నోటిదాకా వచ్చింది.
అనేశాను కూడా.
ఉరల్ మోతకి నీకు వినపడలేదు.
"ఏంటీ?" అని సైడ్‌కార్లోంచి అరిచావు.
"ఏం లేదు. గొర్రెలు!"
నిజంగానే ఒక మంద రోడ్డుకి అడ్డం పడింది,
నా పరువు కాపాడ్డానికే కొండ దిగినట్టు.

తాల్దిక్ కనుమలో, ఆఖరి మెలికకి ముందు,
క్లచ్ తీగ తెగింది.
పైన మంచు, కింద మనం వచ్చిన రోడ్డు
పారేసిన టేపులా చుట్టలు చుట్టలుగా.
నువ్వు జేబులోంచి తోలు కుట్టే దారం తీశావు.
ఆరు పేటలు కలిపి పేని, మైనం రుద్ది,
పంటితో బిగించావు, మిగిలిన పన్నుతో.
"దారం ఆగదురా" అన్నాను.
"సారీ తాష్ దాకా ఆగితే చాలు.
అక్కడ ఇంకొకటి కడదాం."

గాలికి రెండుసార్లు ఆరిన స్టవ్వు
మూడోసారి అంటుకుంది.
కెటిల్ ఇంకా నీ మెడలోనే ఉంది.
విప్పడం ఇద్దరికీ గుర్తులేదు.